మనుకౌని పెరడు చేసిందెవరు?

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరానికి రెండు హార్బర్లున్నాయి, తూర్పున వైటెమటా, పడమట మనుకౌ. ఇక్కడ ఇల్లు కొనాలనుకునే మనవాళ్ళకి ఉచితంగా దొరికే సలహా ఒకటుంది: "మనుకౌ వైపు చూడకండి, అటంతా బురద." ఈ మధ్య ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర, కొత్తగా వచ్చిన ఒక కుర్రజంటకి ఇదే సలహా దొరికింది. ఇచ్చినాయన ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నవాడు, పదిమందికి సాయం చేసే మనిషి. "దేవుడు అటు వైటెమటా హార్బర్‌ని చూసుకోడానికి ఇచ్చాడమ్మా, ఇటు మనుకౌని డ్రైనేజీకి వదిలేశాడు" అన్నాడు. అందరూ నవ్వారు. విస్తరాకుల ముందు కూర్చుని చరిత్ర మాట్లాడితే బాగుండదని నేను ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మనుకౌని డ్రైనేజీకి వదిలింది దేవుడు కాదు, డ్రైనేజీ బోర్డు. ఆ రెంటికీ చాలా తేడా ఉందని నా వాదన.

ఏ పడవలోంచి చూస్తున్నాం

ఆయన మాటలో నిజం లేకపోలేదు. మనుకౌ విస్తీర్ణం సుమారు 394 చదరపు కిలోమీటర్లు. ఈ దేశంలో దీనికన్నా పెద్ద హార్బర్ కైపరా ఒక్కటే. ఇన్ని నీళ్ళూ టాస్మన్ సముద్రంలోకి వచ్చిపోయే ముఖద్వారం మాత్రం రెండు కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి తీస్తే మైళ్ళ కొద్దీ బురదమేటలు బయటపడతాయి. ముఖద్వారం బయట ఎప్పటికప్పుడు జరిగే ఇసుకతిప్పలున్నాయి. వాటిని టారామైనుకు అనే పూర్వీకుడు పరిచిన వల అంటారు ఇక్కడి మూలవాసులైన మావోరీలు. 1863 ఫిబ్రవరి 7న ఆర్ఫియస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఆ తిప్పల మీదే ఇరుక్కుని విరిగిపోయింది. 259 మందిలో 189 మంది పోయారు. న్యూజిలాండ్ సముద్ర చరిత్రలో ఇప్పటికీ అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు.

కాబట్టి పెద్ద ఓడలకి ఇది మంచి రేవు కాదు. ఊరు లోతైన వైటెమటా వైపు ముఖం పెట్టుకుని పెరిగింది. ఇందులో ఎవరి కుట్రా లేదు.

అయితే ఇదంతా ఓడ పైనుంచి చూస్తేనే. అదే నీళ్ళని వాకాలోంచి, అంటే మావోరీ పడవలోంచి చూస్తే మ్యాపు తిరగబడుతుంది. తూర్పు సముద్రంలోంచి టామాకి నదిలోకి వచ్చి, ఓటాహుహు దగ్గర సుమారు 1.2 కిలోమీటర్ల మెట్ట మీదుగా పడవని లాక్కుపోతే, పడమటి వైపు మనుకౌలో తేలుతుంది. హోటురోవా నాయకుడుగా ఈ దేశానికి వలసవచ్చిన టైనుయి వాకాని కూడా ఇక్కడే దాటించారని మావోరీల సంప్రదాయం. మనుకౌ దక్షిణపు కొసన వైయుకు దగ్గర ఇంకో చిన్న మెట్ట దాటితే అవరోవా వాగు, అక్కణ్ణుంచి వైకాటో నది. ఆ నది పట్టుకుంటే ద్వీపం నడిబొడ్డుకి వెళ్ళిపోవచ్చు. రెండు సముద్రాలనీ, దేశంలోకెల్లా పొడవైన నదినీ కలిపే కూడలి ఇది. 1840లు, 50లలో వైకాటో మావోరీలు పండించిన గోధుమలు, బంగాళాదుంపలు ఈ దారినే పడవల మీద మనుకౌ ఒడ్డునున్న ఓనెహంగా రేవుకి చేరి, ఆక్లాండ్‌లో కొత్తగా దిగిన ఇంగ్లీషువాళ్ళ కడుపు నింపాయి.

ఓటాహుహులో పడవలు లాగిన చోటు ఇప్పుడు పోర్టేజ్ రోడ్. చుట్టూ గోదాములు, టైర్ల షాపులు. మన వాళ్ళలో చాలామంది మొదటి ఉద్యోగం చేసింది ఆ గోదాముల్లోనే. రెండు వేర్వేరు సముద్రాల మధ్య నిలబడి పేలెట్లు ఎత్తుతున్నామని ఎవరూ చెప్పలేదు.

ఇక బురద. ఓడకి అడ్డమైన ఆ బురదే ఒడ్డునున్న ఊళ్ళకి కూరా నారా. అందులో గుల్లలు, ఫ్లౌండర్, మల్లెట్ చేపలు దొరికేవి. ఒడ్డునే, ఇప్పటి విమానాశ్రయం పక్కన, ఓటువాటావా దగ్గర అగ్నిపర్వతపు రాళ్ళ మధ్య కూమరా తోటలుండేవి. కూమరా అంటే మన చిలగడదుంపే. పగలు ఎండకి వేడెక్కిన రాళ్ళు రాత్రి నేలని వెచ్చగా ఉంచుతాయి. ఉష్ణదేశం నుంచి తెచ్చుకున్న దుంపని చలిదేశంలో బతికించిన ఉపాయం అది. వసంతంలో అలాస్కా నుంచి పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు ఎక్కడా వాలకుండా ఎగిరొచ్చే కువాకా పక్షులు దిగేదీ ఇలాంటి మేటల మీదనే. ముక్కు కుడివైపుకి వంగి ఉండే ఒక చిన్న పిట్ట కూడా చలికాలం ఇక్కడ గడుపుతుంది. ముక్కు పక్కకి తిరిగిన పక్షి ప్రపంచంలో ఇంకోటి లేదు. ఇంతమందికి అన్నం పెట్టిన చోటుని "ఖాళీ బురద" అనాలంటే ముందు వీళ్ళందర్నీ లెక్కలోంచి తీసెయ్యాలి.

పైపు ఇటు ఎలా తిరిగింది

1914 నుంచి ఆక్లాండ్ మురుగంతా శుద్ధి లేకుండా ఓరాకెయి దగ్గర వైటెమటాలోకే పోయేది. అంటే మొదట్లో "అందమైన" హార్బరే డ్రైనేజీ. అక్కడ కూడా పైపు వేసింది ఓకాహు తీరంలో ఉన్న న్గాటి ఫాటువా మావోరీల ఊరి ముంగిట్లోంచి. తర్వాత ఊరు పెరిగింది. 1940లలో మురుగునంతా వైటెమటా వాకిట్లో ఉన్న మోటుకోరెయా అనే చిన్న దీవి నుంచి సముద్రంలోకి వదలాలని ప్లాను వేశారు. దాని మీద పెద్ద గొడవైంది. డవ్-మయర్ రాబిన్సన్ అనే వ్యాపారి ముందుండి పోరాడాడు. ఆ ఊపులోనే 1952లో కౌన్సిల్‌కి గెలిచాడు, డ్రైనేజీ బోర్డుకి అధ్యక్షుడయ్యాడు, ప్లాను రద్దు చేయించాడు. తర్వాత చాలా ఏళ్ళు మేయర్. ఊరి నడిమధ్య విగ్రహం ఉంది, పార్నెల్‌లో ఆయన పేరుతో గులాబీల పార్కు ఉంది. మనవాళ్ళు పెళ్ళి ఫోటోలు తీయించుకునే పార్కు అదే.

అక్కడ ఆగిన పైపు మాంగెరెకి తిరిగింది. 1960లో మనుకౌ ఒడ్డున మురుగుశుద్ధి కేంద్రం ప్రారంభమైంది. దాదాపు 500 హెక్టార్ల సముద్రానికి గట్లు కట్టి ఆక్సీకరణ చెరువులు చేశారు. పుకెటుటు దీవి ఆ గట్లతో నేలకి అతుక్కుపోయింది. ఇహుమాటావో అనే మావోరీ ఊరి పక్కనుంచి పారే ఓరువారంగి వాగు సముద్రంలో కలిసే దారి మూసుకుపోయింది. గుల్లలు ఏరుకునే తీరం పోయింది. బదులుగా కంపు, చెరువుల మీంచి గుంపులుగా లేచే పురుగులు వచ్చాయి.

రాబిన్సన్‌ని విలన్ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయనకి సముద్రం మీద నిజమైన ప్రేమ ఉంది. పచ్చి మురుగుని సముద్రంలో కలపడం కన్నా, ఎండా నాచూ పనిచేసే లోతులేని చెరువుల్లో శుభ్రం చేసి వదలడం ఆ రోజుల్లో ముందడుగే. విశాలంగా, లోతు లేకుండా ఉండే చోటు కావాలంటే మనుకౌ సరిగ్గా సరిపోతుంది కూడా. ఇంజనీరు కాగితం మీద చూస్తే తప్పేమీ కనబడదు. ఆ గృహప్రవేశం ఆసామి కూడా ఇదే అంటాడు: చూశావా, భూగోళమే నిర్ణయించింది.

కానీ వైటెమటా వైపు జనం వద్దన్నప్పుడు ఒక ఇంజనీరింగ్ ప్లాను ఆగింది. ఇహుమాటావోలో ఉన్నవాళ్ళు వద్దంటే ఆగేదా? న్గానెకో మిన్హినిక్ అనే ఆవిడ మనుకౌ తెగల తరఫున వైటాంగి ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. మావోరీలకీ బ్రిటిష్ రాణికీ మధ్య 1840లో జరిగిన వైటాంగి ఒప్పందాన్ని ప్రభుత్వం మీరిందన్న ఫిర్యాదులు వినే సంస్థ అది. 1984లో విచారణ జరిగింది, 1985లో నివేదిక వచ్చింది. అది చదివితే జవాబు తెలిసిపోతుంది. మురుగు చెరువులు, విమానాశ్రయం, కంపెనీల వ్యర్థాలు, పూడికలు, ఒక్కొక్కటిగా తీరాన్ని తినేస్తుంటే అడిగిన దిక్కు లేదు. ఇంకో విచిత్రం, అప్పటి చట్టం ప్రకారం 1975కి ముందు జరిగినవాటి మీద తీర్పు చెప్పే అధికారమే ట్రిబ్యునల్‌కి లేదు. అసలు భూమి పోయింది 1863లో. ఆ కథ విన్నారు, నివేదికలో రాశారు, కానీ తేల్చలేదు. 1840 దాకా వెనక్కి వెళ్ళే అధికారం 1985 చివర్లో వచ్చింది.

ఆ తర్వాత మంచి కూడా జరిగింది. 1990ల చివర్నుంచి ఆ చెరువులు తీసేసి, గట్లు తెంచి, సముద్రాన్ని మళ్ళీ లోపలికి రానిచ్చారు. పక్షులు తిరిగొచ్చాయి. కొన్నాళ్ళకి ఓరువారంగి దారి కూడా తెరిచారు. పాడుచేసినదాన్ని అంత డబ్బు పెట్టి వెనక్కి తీసిన ఊళ్ళు లోకంలో ఎక్కువ లేవు. అయితే 2013లో ఒక గోదాము నుంచి రంగు రసాయనం కారి అదే ఓరువారంగి ఊదారంగులోకి తిరిగింది. అంతకుముందు నేను ఆ వాగు పేరు వినలేదు.

మ్యూజియంలో ఉన్న పడవ

1849లో బ్రిటిష్ గవర్నర్ గ్రే, వైకాటో తెగల పెద్ద అయిన టె ఫెరోఫెరోని మాంగెరెలో ఉండమని కోరాడు. ఎందుకంటే ఆక్లాండ్‌ని వేరే తెగల దాడుల నుంచి కాపాడటానికి. 1840 ఒప్పందం మీద సంతకం పెట్టని మనిషి ఆయన. అయినా మాట ఇచ్చి వచ్చి ఉన్నాడు. 1858లో ఆయన్నే మొదటి మావోరీ రాజుగా ఎన్నుకున్నారు. 1860లో పోయాడు. మూడేళ్ళు తిరిగాయో లేదో, 1863 జులై 9న ప్రభుత్వం హుకుం జారీ చేసింది: మాంగెరె, ఇహుమాటావో మొదలైన ఊళ్ళ మావోరీలు రాణికి విధేయులమని ప్రమాణం చెయ్యాలి, లేదా మంగాటాఫిరి వాగు దాటి దక్షిణానికి వెళ్ళిపోవాలి. చాలామంది పంటలూ పశువులూ వదిలేసి వెళ్ళిపోయారు. మూడు రోజుల్లో సైన్యం వైకాటో మీదికి కదిలింది. తర్వాత భూములు జప్తు చేశారు. పట్నానికి కాపలా కాసినాయన బంధువులకి దక్కిన మర్యాద ఇది.

ఆక్లాండ్ మ్యూజియంలో టె టోకి అ టాపిరి అనే పెద్ద వాకా ఉంది, 25 మీటర్ల పొడవు. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్ళి దాని ముందు ఫోటో తీస్తాం. అది మనుకౌ దక్షిణ తీరపు న్గాటి టె అటా వాళ్ళది. వాళ్ళు యుద్ధంలో దిగనే లేదు. అయినా 1863లో ప్రభుత్వ బలగాలు దాన్ని పట్టుకుపోయాయి.

మావోరీ వారసత్వం అంటే ఎంతో ఇష్టమని చెప్పే నగరం ఇది. పడవని అద్దంలా తుడిచి పెడుతుంది, పార్కుల్లో బోర్డులు పెడుతుంది, మీటింగు మొదట్లో ప్రార్థన చేయిస్తుంది. వీటిని వెక్కిరించను, లేకపోవడం కన్నా ఉండటం మేలే. నా పేచీ ఒక్కటే. పడవ ఒకచోట, అది తేలిన నీళ్ళ మీద పెత్తనం ఇంకోచోట ఉన్నంతకాలం వారసత్వం అనేది చూసి వెళ్ళిపోయే వస్తువుగానే ఉంటుంది. 2014లో ఒక చట్టం చేసి ఆక్లాండ్‌లోని 14 అగ్నిపర్వత శిఖరాలని ఇక్కడి తెగలకి తిరిగి ఇచ్చారు. హార్బర్ల సంగతి మాత్రం విడిగా మాట్లాడుకుందామని అదే ఒప్పందంలో పక్కన పెట్టారు. కొండ తేలిక, నీళ్ళు కష్టం. కొండ మీంచి ఎవరి మురుగూ పోదు మరి.

నాలుగు వందల ఎనభై ఇళ్ళు

ఇక్కడ నాకే ఒక ఇబ్బంది ఉంది. ఇహుమాటావోలో రాళ్ళతోటల పక్కనున్న 32 హెక్టార్లని 2016లో ఫ్లెచర్ కంపెనీ కొని 480 ఇళ్ళు కడతామంది. అది 1860లలో జప్తు చేసి తెల్లవాళ్ళ కుటుంబానికి ఇచ్చిన భూమి. పానియా న్యూటన్ అనే ఆ ఊరి అమ్మాయి, ఆమె బంధువులు అక్కడే గుడారాలు వేసుకుని కాపలా కాశారు. 2019 జులైలో ఖాళీ చెయ్యమని పోలీసులు వచ్చేసరికి వేలమంది తరలివచ్చారు. చివరికి 2020 డిసెంబరులో ప్రభుత్వమే 2.99 కోట్ల డాలర్లిచ్చి ఆ భూమి కొనేసింది.

ఆ గొడవ జరిగే రోజుల్లో మా ఆఫీసులో ఒకమ్మాయి, తనూ తెలుగమ్మాయే, అడిగింది: "అన్నా, మనం గరాజ్‌లో అద్దెకుంటున్నాం, వీళ్ళేమో వచ్చే ఇళ్ళు కూడా ఆపుతున్నారు. నువ్వెటు?" నేనిచ్చిన జవాబు తనకి నచ్చలేదు, నాకూ పూర్తిగా నచ్చలేదు. ఇల్లు లేని బాధ పుస్తకాల్లో బాధ కాదు. పైగా మావోరీలంతా ఒకే మాట మీద లేరు. టె కావెరౌ అ మాకీ తెగ అధికార సంస్థ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. కొంత భూమి వెనక్కి వస్తుంది, కొన్ని ఇళ్ళు మా వాళ్ళకి దక్కుతాయి, ఇంతకన్నా ఏం సాధించగలం అన్నారు ఆ పెద్దలు. గుడారాల్లోని పిల్లలు కాదన్నారు. బయటినుంచి వచ్చినవాణ్ణి, ఒక కుటుంబంలోని పెద్దలకీ పిల్లలకీ మధ్య తీర్పు చెప్పడానికి నేనెవర్ని?

అది చెప్పలేను గానీ ఇంకోటి చూడగలను. విమానాశ్రయం రన్‌వేకి కంకర కావాలంటే పుకెటుటు దీవి కొండల్ని తవ్వారు. రన్‌వే కొంత హార్బర్‌ని పూడ్చి వేశారు. మౌంగాటాకెటాకె, వైటొమోకియా, ఓటువాటావా కొండలన్నీ క్వారీలయ్యాయి. మురుగు చెరువులు వచ్చాయి. చివరికి ఇళ్ళ కొరతకి కూడా మందు అక్కడే దొరికింది. ఆక్లాండ్‌లో కౌన్సిల్ భూమిలో ఎన్నో గోల్ఫ్ కోర్సులున్నాయి, వాటి మీద ఇళ్ళు కడదామని ఎవరైనా అంటే ఎంత గోల అవుతుందో చూడండి. ఊళ్ళో ప్రతి అవసరానికీ ఒకే వీథివాళ్ళ పెరడు తవ్వుతుంటే, పదోసారి వాళ్ళు అడ్డం నిలబడితే, ఆ పదో అవసరం ఎంత న్యాయమైనదో చెప్పి వాళ్ళని ఒప్పించలేం. మొదటి తొమ్మిది ఎవరు అడిగి చేశారన్నది ముందు తేలాలి.

రెండు నీళ్ళు

"అది వాళ్ళకీ తెల్లవాళ్ళకీ ఉన్న పాత లెక్క, మనకెందుకు" అనేది మన సంఘాల్లో ఎక్కువ వినబడే మాట. మర్యాదగా ఉంటుంది, ఎవరి జోలికీ పోనట్టుంటుంది. కానీ నా పాస్‌పోర్టులో వీసా వేసిన ప్రభుత్వం ఇక్కడ ప్రభుత్వంగా ఉండటానికి 1840 ఒప్పందమే ఆధారం. దాని మీద మనుకౌ ఒడ్డు పెద్దలు కొందరి సంతకాలున్నాయి. ఆ కాగితం వల్ల వచ్చిన లాభం నాకు చెందినప్పుడు అందులోని బాకీ నాది కాదనడం కుదరదు. హైదరాబాదు నుంచి వచ్చే మన విమానం కిందికి దిగేటప్పుడు కిటికీలోంచి కనబడే మొదటి నీళ్ళు చాలాసార్లు మనుకౌవే. మనలో చాలామంది వంటింటి సింకులోంచి, బాత్రూంలోంచి పోయేది మాంగెరెకే. ఈ కథలో ప్రేక్షకులుగా మిగలడం మన చేతుల్లో లేదు.

1985 నివేదికలో నన్ను ఎక్కువ ఇరుకున పెట్టిన భాగం ఉక్కు కర్మాగారం గురించి. వైకాటో నది ముఖం దగ్గర తవ్విన ఇనుప ఇసుకని నది నీళ్ళతో కలిపి గ్లెన్‌బ్రూక్‌కి పైపులో పంపి, ఆ నీళ్ళని మనుకౌ వైపు వదలాలన్నది పథకం. వైకాటో నీళ్ళు మనుకౌ నీళ్ళలో కలపకూడదని, దేని ప్రాణం దానిదని మావోరీలు అభ్యంతరం చెప్పారు. ట్రిబ్యునల్ దాన్ని మూఢనమ్మకం అని తోసెయ్యలేదు. నాకు మాత్రం అంత తేలిగ్గా మింగుడుపడలేదు. మనం సంగమం అంటే పుణ్యం అనుకునేవాళ్ళం. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసిన చోటికి పవిత్ర సంగమం అని పేరు పెట్టుకుని, పసుపు కుంకుమలు వేసి, మెట్లు కట్టుకున్నాం. ఒకరికి పండగైనది ఇంకొకరికి అపచారం ఎలా అవుతుంది?

చాలా రోజులు ఆలోచించాక నాకు అనిపించింది ఇది. గోదావరిని కృష్ణలో కలిపింది మనమే, అందుకే అది పండగ. భూసేకరణలో పొలం పోయిన రైతుని అడిగితే వేరే మాట చెబుతాడేమో. ఇక్కడ కలపాలనుకున్నది ఇంకెవరో. ఆ నమ్మకాన్ని నేను నమ్మనక్కర్లేదు. ఆ నీళ్ళ పక్కన తరతరాలుగా బతికినవాళ్ళు "ఇది చెయ్యద్దు" అంటే, ఆ మాట ఇంజనీరు చెప్పే మాటతో సమానంగా బల్లమీద ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న.

ఇదేదో ముగిసిపోయిన గొడవ కూడా కాదు. ఆక్లాండ్ తాగునీటిలో ఒక భాగం 2002 నుంచి వైకాటో నది నుంచే వస్తోంది. అది మన ఇళ్ళలోంచి మాంగెరె చేరి, శుద్ధై, మనుకౌలోకి పోతోంది. నాలుగు దశాబ్దాల కిందట వద్దన్న ఆ కలయిక రోజూ పొద్దున్నే నా పళ్ళు తోముకోడంతో మొదలవుతుంది. దాన్ని ఆపమంటావా అని మావాళ్ళు అడుగుతారు. ఆపలేం, పది లక్షలమందికి పైగా జనం మురుగు అది. మరి ఏం కావాలి? మురుగు వదిలే పర్మిషన్ ఈసారి రెన్యూవల్‌కి వచ్చినప్పుడు ఇహుమాటావోలోని మాకౌరౌ మరై (మావోరీల సమావేశ స్థలం) వాళ్ళని అభిప్రాయం అడిగి పంపెయ్యకుండా, ఓటున్న సభ్యులుగా కూర్చోబెట్టాలి. 2014లో పక్కన పెట్టిన హార్బర్ల చర్చకి ఒక గడువు పెట్టాలి.

ఇక్కడ ఓటెయ్యడానికి పౌరసత్వం దాకా ఆగక్కర్లేదు, రెసిడెన్సీ ఉండి, ఈ దేశంలో వరసగా ఏడాది ఉన్నవాళ్ళైతే చాలు. ఎన్నికలొస్తే అభ్యర్థులు మన సభలకి కూడా వస్తారు, శాలువా కప్పించుకుంటారు, నమస్కారం పెడతారు. మనం బస్సుల గురించి, దొంగతనాల గురించి, రేట్ల (ఇంటిపన్నుల) గురించి అడుగుతాం. అవీ అడగాల్సినవే. ఈసారి మైకు నా దాకా వస్తే పై రెండూ అడుగుతాను. మీ దాకా వస్తే మీరూ అడగండి. కౌన్సిల్ అభ్యర్థి "హార్బర్ల చర్చ వెల్లింగ్టన్‌లోని కేంద్రప్రభుత్వం పని" అని తప్పించుకుంటే, మొదటిది మాత్రం మీ పరిధిలోదే కదా అని గుర్తు చెయ్యండి.